మన ఆడపిల్లకు మైదానం తలుపు మూసినదెవరు?

ఈ సంచిక మీ చేతికి అందేనాటికి షాబాన్ నెల చివరి రోజులు నడుస్తుంటాయి. ఇళ్ళు రమజాన్ ఉపవాసాలకు సిద్ధమవుతుంటాయి. ఆ ఉపవాసాల నడుమనే, మార్చి 1 నుంచి 21 వరకు, ఆస్ట్రేలియాలోని పెర్త్, సిడ్నీ, గోల్డ్ కోస్ట్ నగరాలలో ఆసియా మహిళా ఫుట్‌బాల్ కప్ పోటీలు జరుగనున్నాయి. పన్నెండు దేశాల జట్లు పాల్గొంటాయి. వాటిలో ఇరాన్, ఉజ్బెకిస్తాన్, బంగ్లాదేశ్ ముస్లింలు అధిక సంఖ్యలో ఉన్న దేశాలు. ఈ పోటీల నుంచే ఆరు జట్లు 2027లో బ్రెజిల్‌లో జరిగే ప్రపంచ కప్‌కు నేరుగా అర్హత పొందుతాయి. మన దేశపు జట్టు కూడా అక్కడ ఉంటుంది. జపాన్, వియత్నాం, చైనీస్ తైపీలతో కూడిన కఠినమైన గ్రూపులో ఉంటుంది.

మన జట్టు అక్కడికి ఎవరి దయతోనూ వెళ్ళలేదు. 2003 తరువాత ఈ పోటీలో మన వారు పూర్తిగా ఆడినది లేదు. 2022లో మన దేశమే ఆతిథ్యమిచ్చినా, జట్టులో కోవిడ్ సోకడంతో మధ్యలోనే వైదొలగవలసి వచ్చింది. నిరుడు థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో జరిగిన అర్హత పోటీలలో మన అమ్మాయిలు మంగోలియాపై 13, తూర్పు తిమోర్‌పై 4, ఇరాక్‌పై 5 గోల్స్ చేశారు. జులై 5న, థాయిలాండ్ గడ్డపైనే, తమకంటే ఎంతో అనుభవమున్న థాయిలాండ్ జట్టును 2-1తో ఓడించారు. ఆ రెండు గోల్స్ చేసినది బెంగాల్ అమ్మాయి సంగీతా బాస్ఫోర్. ఆ జట్టులో మన తెలుగు నేల బిడ్డ కూడా ఉంది. నిజామాబాదు జిల్లా లంబాడా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బు దాకా వెళ్ళి వచ్చిన క్రీడాకారిణి.

ఈ వార్త చదివి సంతోషించాము. సంతోషించిన మరుక్షణమే మాకు దొర్నిపాడు గుర్తుకు వచ్చింది. అందుకే ఈ వ్యాసం.

దొర్నిపాడులో విన్న మాట

నంద్యాల జిల్లా, ఆళ్ళగడ్డ నియోజకవర్గంలోని ఆ మండల కేంద్రానికి కొంతకాలం క్రిందట మేము వేరే పని మీద వెళ్ళాము. ఉపకార వేతనాల దరఖాస్తుల విషయమై కొన్ని కుటుంబాలను కలిశాము. ఒక ఇంటి వాకిట్లో, ప్లాస్టిక్ బంతిని గోడకు తన్నుతూ, తిరిగి వచ్చిన బంతిని పాదంతో ఆపుతూ ఒక బాలిక కనిపించింది. పదమూడేళ్ళుంటాయి. తలకు స్కార్ఫ్ చుట్టుకొని ఉంది. ఆ ఆపడంలోని నేర్పు ఆటలు తెలియని మా కంటికి కూడా తెలిసింది. బడి జట్టులో ఆడుతున్నావా అమ్మా అని అడిగాము. ఆమె తల వంచుకొని చెప్పిన సమాధానం ఇది:

"స్కార్ఫ్ తీస్తే అబ్బా ఒప్పుకోడు. తియ్యకుంటే బళ్ళో ఒప్పుకోరు. ఇంక నేనే మానుకుంటి."

ఆ బడి పేరు మేము రాయడం లేదు. ఆ తండ్రి పేరూ రాయడం లేదు. ఎందుకంటే ఇది ఒక్క బడి కథ కాదు, ఒక్క తండ్రి కథ కాదు. ఈ మాటను కొద్ది మార్పులతో నంద్యాలలో వింటాము, కర్నూలులో వింటాము, కడపలో వింటాము, గుంటూరులో వింటాము. మన ఇళ్ళలో ఎందరు ఆడపిల్లలు "నేనే మానుకుంటి" అని తమ మీదనే వేసుకొని ఊరుకున్నారో లెక్క తీసినవారు లేరు. మానుకున్నది ఆమె కాదు. ఆమె చేత మాన్పించారు. మాన్పించినవారు ఎవరో తేల్చడమే మా ఉద్దేశం. వారు ముగ్గురు. ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తాము. అందులో మేము కూడా ఉన్నాము కనుక, ఎవరినీ విడిచిపెట్టము.

మొదటివాడు: "తీసి రా" అనేవాడు

స్కార్ఫ్ తీస్తే తప్ప ఆటలోకి రానివ్వనని చెప్పేవారు ఎప్పుడూ ఒకే మాట చెబుతారు: "ఇది మతం కాదు, నియమం. భద్రత కోసం. అందరికీ ఒకే యూనిఫాం." ఈ మాట ఎక్కడ పుట్టిందో, ఎక్కడ చచ్చిందో మన పాఠకులు తెలుసుకోవాలి.

2007లో కెనడాలోని క్విబెక్‌లో పదకొండేళ్ళ బాలికను హిజాబ్ ధరించినందుకు మ్యాచ్ నుంచి బయటికి పంపారు. ఆట నియమాలను రూపొందించే అంతర్జాతీయ మండలి ఆ నిర్ణయాన్ని సమర్థించింది. మెడకు బిగుసుకొని ప్రమాదం జరుగవచ్చునని చెప్పారు. 2011 జూన్‌లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో లండన్ ఒలింపిక్స్ అర్హత పోటీకి ఇరాన్ మహిళల జట్టు మైదానంలోకి దిగింది. వారి తలపాగా వస్త్రం నియమ విరుద్ధమని చెప్పి ఆటను ఆపివేశారు. ఆడకుండానే ఓడినట్లు ప్రకటించారు. ఒలింపిక్స్ కోసం ఏళ్ళ తరబడి శ్రమించిన ఆ క్రీడాకారిణులు కన్నీళ్ళతో మైదానం విడిచారు.

అప్పుడు జోర్డాన్ యువరాజు అలీ బిన్ అల్ హుసేన్ ఫిఫా ఉపాధ్యక్షులలో ఒకరు. ఆయన ఈ అన్యాయాన్ని అంతర్జాతీయ వేదికలపై వదలకుండా ప్రశ్నించారు. లాగితే ఊడిపోయేటట్లు రూపొందించిన క్రీడా హిజాబ్‌లు పరీక్షకు వచ్చాయి. 2012లో ప్రయోగాత్మకంగా అనుమతించారు. రెండేళ్ళు పరిశీలించిన తరువాత, 2014 మార్చిలో, తల కప్పుకొని ఆడవచ్చునని శాశ్వతంగా నియమాలలో చేర్చారు. ఆ అనుమతి సిక్కు సోదరుల తలపాగాకూ వర్తించింది. భద్రత పేరిట చెప్పిన భయానికి ఆధారం లేదని ఫుట్‌బాల్‌ను పాలించే సంస్థలే ఒప్పుకున్నాయి.

ఆ తరువాత ఏమి జరిగింది? ఫుట్‌బాల్ కూలిపోయిందా? 2016లో జోర్డాన్‌లోనే జరిగిన పదిహేడేళ్ళలోపు బాలికల ప్రపంచ కప్‌లో హిజాబ్ ధరించిన అమ్మాయిలు ఆడారు. 2023లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలలో జరిగిన ప్రపంచ కప్‌లో మొరాకో జట్టు తొలి మ్యాచ్‌లో జర్మనీ చేతిలో 6-0తో చిత్తయింది. అందరూ నవ్వారు. జులై 30న అడిలైడ్‌లో దక్షిణ కొరియాతో ఆడిన రెండవ మ్యాచ్‌లో, రక్షణ పంక్తిలోకి నుహైలా బెంజినా వచ్చింది. తెల్లని హిజాబ్ ధరించి వచ్చింది. మహిళల సీనియర్ ప్రపంచ కప్ చరిత్రలో హిజాబ్‌తో ఆడిన మొదటి క్రీడాకారిణి ఆమె. ఆ రోజు కొరియా ఒక్క గోల్ కూడా చేయలేకపోయింది. మొరాకో 1-0తో గెలిచింది. తరువాత కొలంబియాపైనా 1-0తో గెలిచింది. నవ్విన జర్మనీ గ్రూపు దశలోనే ఇంటికి పోయింది, మొరాకో తదుపరి దశకు చేరింది.

ఆమె తలపై ఉన్న వస్త్రం ఎవరి బంతినీ ఆపలేదు. ఆమె కాళ్ళు ఆపాయి. దొర్నిపాడు బాలిక పాదం దగ్గర బంతి ఆగినట్లే.

ఇంత జరిగాక కూడా ఫ్రాన్స్ దేశం మారలేదు. ఫిఫా అనుమతించిన దానిని ఫ్రాన్స్ ఫుట్‌బాల్ సమాఖ్య తన పోటీలలో నిషేధించింది. 'లే హిజాబ్యూజ్' పేరుతో సంఘటితమైన ముస్లిం యువతులు న్యాయస్థానానికి వెళితే, 2023 జూన్ 29న ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం నిషేధాన్నే సమర్థించింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఇతర దేశాల క్రీడాకారిణులు హిజాబ్‌తో పోటీ పడ్డారు. ఆతిథ్య దేశపు సొంత బిడ్డలకు మాత్రం ఆ హక్కు లేదు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని ప్రపంచానికి పాఠం చెప్పిన దేశంలో ఒక అమ్మాయి ఆడాలంటే ముందు తన విశ్వాసాన్ని గేటు దగ్గర వదలి రావాలి. ఇదేనా సమానత్వం?

ఫ్రాన్స్ దూరమనుకుంటే, పొరుగునే ఉన్న కర్ణాటకను చూడండి. 2021 డిసెంబరులో ఉడుపిలో మొదలైన వివాదం, 2022 ఫిబ్రవరి 5 నాటి ప్రభుత్వ ఉత్తర్వు, మార్చి 15 నాటి హైకోర్టు తీర్పు మన పాఠకులకు తెలిసినవే. అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు వెలువరించారు. ఆ తీర్పులో జస్టిస్ సుధాంశు ధూలియా ముందుకు తెచ్చిన ప్రశ్నను మేము ఎన్నటికీ మరువము: ఆ బాలిక చదువు ఏమవుతుంది? ఇదే ప్రశ్నను మేము మైదానం వైపు తిప్పుతున్నాము: ఆ బాలిక ఆట ఏమవుతుంది?

మన రాష్ట్రంలో అలాంటి ఉత్తర్వేదీ లేదు. అందుకు సంతోషించేవారికి ఒక్క మాట. రాసిన ఉత్తర్వును కోర్టులో ప్రశ్నించవచ్చు. రాయని ఉత్తర్వును ఎక్కడ ప్రశ్నించాలి? "పై పోటీలకు వెళితే వారు ఒప్పుకోరు", "ఎందుకొచ్చిన గొడవ", "మిగతా పిల్లలు చూడు ఎలా వస్తున్నారో": ఇవి కాగితం మీద లేవు. ఒక ఉపాధ్యాయుని నోటి మాటగా వస్తాయి, పిల్ల మనసులో శాసనంగా నిలుస్తాయి. ఆ ఉపాధ్యాయునికి ద్వేషం ఉండకపోవచ్చు. నియమం తెలియకపోవచ్చు, పై అధికారి భయం ఉండవచ్చు. కాని తెలియనితనానికి మూల్యం చెల్లించేది ఆయన కాదు, పదమూడేళ్ళ పిల్ల.

"అందరికీ ఒకే యూనిఫాం" అనేవారికి మరొక మాట. గోల్‌కీపర్ చొక్కా రంగు వేరుగా ఉండదా? గోల్ చేసిన తరువాత ఆకాశం వైపు చూసి శిలువ గుర్తు వేసుకొనే ఆటగాడిని ఎవరైనా బయటికి పంపారా? మైదానానికి నమస్కరించి అడుగు పెట్టే ఆటగాడిని ఎవరైనా ప్రశ్నించారా? ప్రశ్నించకూడదు, మేము ప్రశ్నించము. విశ్వాసం వారి వెంట మైదానంలోకి వస్తే అందం అయినది, మా బిడ్డ వెంట వస్తే ప్రమాదం ఎలా అయింది?

రెండవవాడు: "ఇక చాలు" అనేవాడు

ఇప్పుడు మనవైపు చూసుకుందాము. పై మాటలకు చప్పట్లు కొట్టిన చేతులు ఈ మాటలకు ఆగిపోవచ్చు. అయినా రాస్తాము.

మన ఇళ్ళలో ఆడపిల్లకు పన్నెండో, పదమూడో ఏడు రాగానే "ఇక చాలు" అనే మాట వినిపిస్తుంది. బడి జట్టులో పేరు ఉంటే తీసివేయమంటారు. పొరుగూరిలో పోటీ అంటే "నలుగురూ ఏమనుకుంటారు" అంటారు. ఎందుకని అడిగితే దీన్ పేరు చెబుతారు. దీన్‌లో ఎక్కడ ఉందని అడిగితే కోపగించుకుంటారు.

దైవప్రవక్త (స) తన సహధర్మచారిణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం పెట్టుకున్నారని, ఒకసారి ఆమె గెలిచారని, మరొకసారి ఆయన గెలిచి, ఇది ఆ నాటి దానికి బదులు అని నవ్వారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. మసీదు మెట్లెక్కే ప్రతి ముస్లిమూ విన్న సంగతి ఇది. మన ఇళ్ళలో ఎందరు తండ్రులు తమ కూతురితో ఒక్కసారైనా పరుగెత్తారు? పవిత్ర చరిత్రలో ఉన్న నవ్వు మన ఇళ్ళలో ఎక్కడ పోయింది?

"మేము ఆటను కాదనడం లేదు, దుస్తులు, మగవారి చూపులు, దూర ప్రయాణాలు, వీటిని కాదంటున్నాము" అనే పెద్దలు ఉన్నారు. వారి ఆందోళనను మేము తేలికగా తీసుకోము. కాని అడుగుతున్నాము: షరతు పెట్టినవారు ఆ షరతు నెరవేరడానికి ఏమి చేశారు? నిండు చేతుల చొక్కా, పొడవాటి ట్రాక్ ప్యాంటు, తలకు క్రీడా హిజాబ్ వేసుకొని ఆడవచ్చునని అంతర్జాతీయ నియమాలే చెబుతున్నాయి. పిల్లకు వాటిని కొనిచ్చారా? మహిళా వ్యాయామ ఉపాధ్యాయిని కావాలని మండల విద్యాధికారికి ఒక్క అర్జీ పెట్టారా? ఆడపిల్లలు మాత్రమే ఆడుకొనే సమయం, స్థలం ఏర్పాటు చేశారా? పోటీకి వెళ్ళేటప్పుడు ఒక తల్లిని తోడు పంపారా? ఏదీ చేయకుండా షరతు మాత్రమే పెడితే అది షరతు కాదు, నిషేధం. మంచి పేరు తగిలించిన నిషేధం.

ఈ జబ్బు మన ఊళ్ళకే పరిమితం కాదు. 2025 జనవరిలో ఉత్తర బంగ్లాదేశ్‌లోని జయపుర్‌హాట్ జిల్లాలో మహిళల ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగనివ్వబోమని మతం పేరిట ఒక గుంపు మైదానం చుట్టూ కట్టిన కంచెను ధ్వంసం చేసింది. అదే బంగ్లాదేశ్ అమ్మాయిలు 2022లో, 2024లో ఖాట్మండులో దక్షిణాసియా విజేతలయ్యారు. అంతకుముందు వరుసగా ఐదుసార్లు ఆ కప్పును మన దేశమే గెలిచింది. ఆ అమ్మాయిలలో పలువురు మైమెన్‌సింగ్ జిల్లా కల్‌సిందూర్ అనే పల్లెలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల మైదానంలో ఆట నేర్చుకున్నవారు. కంచె విరిగిన ఆరు నెలలకే, 2025 జులైలో, వారి జట్టు మయన్మార్‌ను 2-1తో ఓడించి చరిత్రలో తొలిసారి ఆసియా కప్‌కు అర్హత సాధించింది. ఆ జట్టులో ముస్లిం అమ్మాయిలతో పాటు చక్మా అమ్మాయి రితుపర్ణ ఉంది. ఆ రెండు గోల్స్ ఆమెవే.

అఫ్గానిస్తాన్ వైపు చూడండి. 2021 ఆగస్టులో తాలిబాన్ అధికారానికి రాగానే అక్కడి మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని దేశం విడిచారు. వారిలో చాలామంది ఆస్ట్రేలియా చేరారు. సొంత దేశపు పేరుతో ఆడే హక్కు లేక, నాలుగేళ్ళు తిరిగి, 2025లో శరణార్థుల జట్టుగా మొరాకోలో ఆడారు. స్త్రీకి తల కప్పుకొనే స్వేచ్ఛ ఉండాలని పారిస్‌ను నిలదీసే మనం, స్త్రీకి ఆడే స్వేచ్ఛ ఉండాలని కాబూల్‌ను నిలదీయకపోతే మన మాటకు విలువ ఉండదు. తీసివేయమని బలవంతపెట్టడమూ, ఇంట్లో కూర్చోమని బలవంతపెట్టడమూ ఒక్క తాళానికి రెండు చెవులు. ధర్మంలో బలవంతానికి చోటు లేదన్న మూలసూత్రం మనకు అనుకూలమైనప్పుడు మాత్రమే వర్తించేది కాదు.

మన బిడ్డలను "రక్షించడానికి" టీవీ చర్చలలో బయలుదేరే కొందరికి కూడా ఇక్కడే సమాధానం చెప్పాలి. ముస్లిం సమాజమే స్త్రీని ఆటకు దూరం చేసిందని వారు అంటారు. 1920 క్రిస్మస్ మరునాడు లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్కులో మహిళల మ్యాచ్ చూడడానికి 53 వేల మంది వచ్చారు. ఏడాది తిరగకుండానే, 1921 డిసెంబరులో, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన మైదానాలలో మహిళలు ఆడరాదని నిషేధించింది. స్త్రీకి ఈ ఆట తగదన్నారు. ఆ నిషేధం అర్ధశతాబ్దం నిలిచింది. రాబోయే ప్రపంచ కప్‌కు ఆతిథ్యమిచ్చే బ్రెజిల్ కూడా 1941 నుంచి 1979 వరకు స్త్రీలకు ఫుట్‌బాల్‌ను చట్టం ద్వారా నిషేధించింది. అక్కడ హిజాబ్ లేదు, మదరసా లేదు. స్త్రీని మైదానం నుంచి తరిమినది ఏ ఒక్క మతమూ కాదు, అన్ని మతాలలోనూ ఉన్న మగవాడి పెత్తనం. ఆ పెత్తనం మన ఇంట్లోనూ ఉందని ఒప్పుకోవడానికి మేము సిగ్గుపడము. అది మన ఇంట్లోనే ఉందని చెప్పేవారిని మాత్రం అంగీకరించము.

నిజామాబాదు నుంచే మనకు మరొక పాఠం ఉంది. సౌమ్య పుట్టిన జిల్లాకే చెందిన నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ ప్రపంచ విజేత అయింది. 2023లో ఢిల్లీలో మళ్ళీ గెలిచింది. ఆమెకు తొలి శిక్షకుడు ఆమె తండ్రే. బంధువులు, ఇరుగుపొరుగు అన్న మాటలన్నీ ఆ తండ్రి భరించాడు. ఈనాడు ఆ మాటలన్నవారే ఆమె ఫొటోను స్టేటస్ పెట్టుకుంటున్నారు. గెలిచిన తరువాత మన బిడ్డ అనడానికి ధైర్యం అక్కరలేదు. గెలవక ముందు, ఓడినప్పుడు, తొలిసారి బూటు కొనివ్వమని అడిగినప్పుడు మన బిడ్డ అనాలి.

మూడవవాడు: మైదానం ఇవ్వనివాడు

బడి ఒప్పుకున్నది, ఇల్లు ఒప్పుకున్నది అనుకుందాము. అప్పుడు పిల్ల ఎక్కడ ఆడాలి?

2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో ప్రతి పాఠశాలకు ఉండవలసిన వాటి జాబితాలో ఆటస్థలం ఉంది. బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు ఉన్నాయి. ఇవి ప్రభుత్వం దయతలచి ఇచ్చే కానుకలు కావు, చట్టం రాసిన బాధ్యతలు. చట్టం వచ్చి పదహారేళ్ళు దాటింది. మన ఊరి బడికి ఆటస్థలం ఉందా? ఉంటే అది ఆటస్థలంగానే ఉందా, లేక కంకర, ఇసుక కుప్పలకూ, ట్రాక్టర్లకూ, ఎండబోసిన వడ్లకూ నిలయమైందా? ఆడిన తరువాత దుస్తులు మార్చుకోవడానికి ఆడపిల్లకు ఒక గది ఉందా? నీళ్ళున్న మరుగుదొడ్డి ఉందా? మీ ఊరి బడికి వెళ్ళి చూడమని ప్రతి పాఠకుడినీ కోరుతున్నాము.

ఆడపిల్ల ఆట మానుకోవడానికి మతం కారణమని చెప్పే అధికారులు ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పరు. ఎందుకంటే ఈ కొరత ముస్లిం పిల్లకు మాత్రమే కాదు; దళిత పిల్లకూ, రైతుకూలీ పిల్లకూ ఉన్నది. తండాలో పుట్టిన సౌమ్య అంతర్జాతీయ క్రీడాకారిణి అయినదంటే, అవకాశం ఎక్కడ దొరికితే అక్కడ ప్రతిభ బయటపడుతుందన్నమాట. మన రాయలసీమలోనే అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థ క్రీడా గ్రామం నెలకొల్పి, కరవు పల్లెల ఆడపిల్లలకు బంతి అందించింది. ఒక సంస్థ చేయగలిగిన పని ఒక రాష్ట్ర ప్రభుత్వం చేయలేదా? 2022 ఏప్రిల్ 4న నంద్యాలను ప్రత్యేక జిల్లా చేశారు. కొత్త జిల్లాకు కొత్త కార్యాలయాలు వచ్చాయి, కొత్త బోర్డులు వచ్చాయి. మండలంలోని ఆడపిల్ల పాదాల క్రిందికి చదునైన నేల మాత్రం ఎప్పుడు వస్తుంది?

మా అడుగులు

నిందించి ఊరుకోవడం పత్రిక పని కాదు. ఎవరు ఏమి చేయాలో స్పష్టంగా చెబుతున్నాము.

ప్రభుత్వాన్ని అడుగుతున్నాము: పాఠశాల, మండల, జిల్లా స్థాయి పోటీలన్నింటిలో బాలికలు కోరుకుంటే పిన్నులు లేని క్రీడా హిజాబ్, నిండు చేతుల చొక్కా, ట్రాక్ ప్యాంటు ధరించి ఆడవచ్చునని పాఠశాల విద్యాశాఖ రాతపూర్వకమైన ఉత్తర్వు ఇవ్వాలి. అది ప్రతి బడి నోటీసు బోర్డుపై ఉండాలి. అంతర్జాతీయ పోటీలో చెల్లే దుస్తులు మండల పోటీలో చెల్లకపోవడానికి కారణమే లేదు. రాయని నిషేధానికి రాసిన అనుమతే మందు. దానితో పాటు బాలికలకు మహిళా వ్యాయామ ఉపాధ్యాయినులను నియమించాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడి ఆటస్థలాన్ని కొలిపించి, ఆక్రమణలు తొలగించాలి.

మన జమాఅత్ పెద్దలను అడుగుతున్నాము: మన పట్టణాలలో షాదీఖానాలు ఉన్నాయి. నిఖా లేని రోజుల్లో వాటి ఆవరణలకు తాళం వేసి ఉంటుంది. వారానికి మూడు సాయంత్రాలు, అసర్ నుంచి మగ్రిబ్ వరకు, ఆ ఆవరణను ఆడపిల్లలకు ఇవ్వండి. గోడ ఉంది, గేటు ఉంది, బయటివారి చూపుల బాధ లేదు. మీరు పెట్టిన షరతులన్నీ అక్కడే నెరవేరుతాయి. ఖర్చు ఎంత? రెండు బంతులు, నాలుగు కర్రలు, తాళంచెవి ఇచ్చే ఒక మనసు.

తండ్రులను అడుగుతున్నాము: వచ్చే నెల మ్యాచ్‌లు మీ కూతురి పక్కన కూర్చొని చూడండి. పెర్త్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడి సాయంత్రపు ఆట మనకు మధ్యాహ్నమే వస్తుంది, ఇఫ్తార్ పనులకు అడ్డు రాదు. రమజాన్‌లో ఆడే ఆ ముస్లిం క్రీడాకారిణులలో ఉపవాసముండి ఆడేవారెవరో, ప్రయాణికులకున్న మినహాయింపు తీసుకొనేవారెవరో మనకు తెలియదు. అది వారికీ అల్లాహ్‌కూ మధ్య విషయం. తల కప్పుకొని ఆడేవారూ కప్పుకోకుండా ఆడేవారూ ఉంటారు. అదీ అంతే. ఇంత చిన్న సత్యాన్ని బడీ, ఇల్లూ, ప్రభుత్వమూ అంగీకరిస్తే చాలు, మన ఆడపిల్లకు సగం మైదానం దొరికినట్లే.

చివరగా మమ్మల్ని మేమే అడుగుకుంటున్నాము. రిజర్వేషన్ల గురించి, ఉపకార వేతనాల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి మేము ఎన్నో పుటలు నింపాము. అవి నింపవలసినవే. కాని హక్కు అంటే ఉద్యోగమూ, భూమీ మాత్రమే అనుకున్నాము. పదమూడేళ్ళ పిల్ల ఊపిరి నిండా పరుగెత్తడం కూడా హక్కేనని మాకు తట్టలేదు. ఆ లోపం మాది. దొర్నిపాడు వాకిట్లో ఒక పిల్ల బంతిని పాదం క్రింద ఆపి, తల వంచుకొని మాట్లాడిన తరువాత గాని మాకు కళ్ళు తెరుచుకోలేదు.

ఆ పిల్ల రేపు దేశపు జట్టులో ఆడకపోవచ్చు. ఆడవలసిన అవసరమూ లేదు. ఆడే ప్రతి పిల్లా ఆస్ట్రేలియా చేరదు. ఆడనివ్వని ఏ పిల్లా చేరదు. మేము అడుగుతున్నది ఆమెకు పతకం కాదు. ఆమె తన తల మీద ఏముండాలో తానే నిర్ణయించుకొని, తన ఊరి బడి మైదానంలో, తన తోటి హిందూ, క్రైస్తవ, దళిత నేస్తాలతో కలిసి గంటసేపు ఆడి, చెమటతో, నవ్వుతో ఇంటికి రావాలి. ఇంటి గుమ్మంలో తండ్రి "ఎన్ని గోల్స్ చేశావు బేటీ?" అని అడగాలి.

ఆ ప్రశ్న వినిపించే వరకు మేము ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటాము: ఆమెకు మైదానం తలుపు మూసినదెవరు? తెరిచేదెవరు?